ఎత్తు మడి విషయమై వివరణ

చలికాలపు కూరగాయల కోసం గోపాల్‌పేటలోని మా పెరట్లో ఎత్తు మడి చేయవలసిందిగా, ఈ ఉదయం కూలికి వచ్చిన చెన్నమ్మక్కను కోరడమైనది. నీరు నిలవకుండా మట్టిని జానెడు ఎత్తున పోసి, దానిపై నాటాలని నా ఉద్దేశం. అది ఆమెకు వివరించడం మాత్రం జరగలేదు. నెల రోజులు పెంచిన టమాట, గోబీ నారు పీకి తడిగుడ్డలో సిద్ధంగా ఉంచాను. మధ్యాహ్నం మబ్బు కమ్ముతుండగా తనిఖీకి వెళ్లగా, ఒక గుంట, దాని చుట్టూ మోకాలెత్తు గట్లు కనిపించాయి.

“ఇదేమిటి చెన్నమ్మక్కా?”

“నువ్వే ఎత్తు మడి అంటివి గద సారూ! గట్టు ఎత్తు జేసిన. సుక్క నీళ్లు బయటికి పోవు.”

“నీళ్లు పోవాలి. ఎత్తుగా ఉండవలసింది మట్టి.”

“అట్లయితే దాన్ని దిబ్బ అంటరు. మడి అంటే వరికి గాదా?”

అంతలో చినుకులు మొదలయ్యాయి. పీకిన నారు రేపటిదాకా ఆగదు. గుంటలో నాటితే మునిగి కుళ్లుతుంది. ఇద్దరం గట్లు తెంచి, ఆ మట్టితోపాటు చుట్టుపక్కల మట్టినీ నడుమకు గుంజి జానెడు ఎత్తు చేశాం. చివరి మొక్క నాటేసరికి వాన పెద్దదయింది. నీళ్లు పక్కలకు పారాయి, నారు దక్కింది.

చేతులు కడుక్కుంటూ చెన్నమ్మక్క అన్నది: “రేపు పని చెప్పేటప్పుడు జర తెలుగుల చెప్పు సారూ.”

నేను ఇంతకాలం మాట్లాడుతున్నది ఏ భాషో తెలిసినవారు దయచేసి కింద తెలియజేయగలరు.