కిల్లర్ కణాలు, నా క్షయ

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, వైద్యం చదివేవాడికి పుస్తకంలోని జబ్బుల్లో ఏదో ఒకటి తప్పకుండా వచ్చేది. నాకు క్షయ వచ్చింది. అప్పుడు వరంగల్‌లో రెండో సంవత్సరం చదువుతూ, ఖిలా వరంగల్‌లో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. ఒకరోజు క్లాసులో ప్రొఫెసరుగారు క్షయ పరీక్ష సూది ఎలా వేస్తారో చూపించడానికి ఒక చెయ్యి కావాలన్నారు. అమ్మాయిలు ముందు బెంచీల్లో ఉన్నారు గనక (వేరే కారణం లేదు) నేను చొక్కా మడిచాను.

రెండు రోజులకు సూది గుచ్చినచోట ఎర్రగా, గట్టిగా వాచింది. ఒంట్లో చొరబడ్డ క్రిములతో పోరాడే టీ కణాల పాఠంలో నేను శ్రద్ధగా చదివింది కిల్లర్ కణాల గురించే, పేరు బాగుందని. హెల్పర్, సప్రెసర్ కణాలను పరీక్షల ముందు చూద్దామని వదిలేశాను. కాబట్టి చర్మం కింద కిల్లర్లు యుద్ధం చేస్తున్నాయనీ, ఊపిరితిత్తులు అప్పటికే పోయాయనీ తేల్చుకున్నాను. ఇంట్లో కంచం, గ్లాసు వేరు పెట్టుకున్నాను. సైకిల్ ఒక స్నేహితుడికి ఇచ్చేశాను (వాడు వద్దనలేదు, తర్వాత తిరిగీ ఇవ్వలేదు). సంగతి తెలియగానే అత్త నన్ను రిక్షా ఎక్కించి, నేరుగా ప్రొఫెసరుగారి గదికి తీసుకుపోయింది.

ఆయన వాపు తడిమి, దగ్గు, జ్వరం ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. ఎక్స్‌రే తీయించి చూసి, శుభ్రంగా ఉందన్నారు. మరి చెయ్యి వాచుడేందని అత్త అడిగింది.

"కిల్లర్లు వైరస్ పట్టిన కణాలను నేరుగా చంపుతయమ్మా. ఈ వాపు హెల్పర్లది. ఎన్నడో ఒంట్లకొచ్చిన క్రిమిని యాదివెట్టుకొని, మళ్ళ సూదిల దాని జాడ తగిలితే తక్కిన కణాలను పిలుస్తయి. అవన్నీ వచ్చి గుమిగూడినయి, అంతే. క్రిమి ఒకప్పుడు తగిలిందని అర్థం, జబ్బున్నదని కాదు."

తర్వాత నావైపు తిరిగి, సప్రెసర్లేం చేస్తాయన్నారు. గొడవ మితిమీరకుండా ఆపుతాయని ఆయనే చెప్పారు (తర్వాత ఆ లెక్క మారింది; ఆ పనిచేసేవాటిని ఇప్పుడు రెగ్యులేటరీ కణాలంటున్నాం). బయటికొచ్చాక అత్త నింపాదిగా అంది:

"సదివితె పూరా సదువు బిడ్డా. సగం సదివి సావకు."

ఇప్పుడు నేనూ అదే పాఠం చెబుతున్నాను, హెల్పర్లతోనే మొదలుపెట్టి. ఆ తర్వాత నిజమైన జబ్బులు కొన్ని వచ్చాయి. కానీ కంచం పక్కన పెట్టుకుని, అంత నమ్మకంగా, అంత హుందాగా చావుకు సిద్ధపడటం మాత్రం నాకు మళ్ళీ చేతకాలేదు.