మూతలెత్తే కంబన్న

ఎవరింటికి పోయినా కంబన్నకు మొదట కనిపించేది మనుషులు కారు, మూతలు. గింజల డబ్బా మూత ఎత్తి, లోపలికి తొంగిచూసి, "ఊఁ" అన్నాకే కూర్చుంటాడు. ఒకసారి పెళ్లిచూపులకు పెద్దమనిషిగా పిలిస్తే పిల్ల వైపు కూడా చూడలేదు. వాళ్ల జొన్నల కుండ చూసొచ్చి "మంచి సంబంధమేప్పా" అని తేల్చేశాడు.

పక్కింటి మదార్ బీకి ఈ జబ్బంటే ఒళ్లుమంట.

"ఏమప్పా కంబన్నా, మా డబ్బాలో సినిమా ఆడతాండాదా?"

"ల్యాదక్కా. పోయిన వారం బెత్తెడు దిగిండె. ఈ వారం ఎంత దిగిందో అని."

ఆ ఏడు వాన ఊరితో ఆటలాడింది. విత్తనమప్పుడు మొహం చాటేసి, కాయలు పీకే వేళకు వారం రోజులు వదలకుండా కురిసింది. మదార్ బీ రెండెకరాల వేరుశనగ భూమిలోనే మొలకెత్తిపోయింది. మూడు నెలలకే కోతకొచ్చే కొర్రలు వేసి, ఊరందరి చేత నవ్వించుకున్న కంబన్నకు మాత్రం మూడు మూటలు దక్కాయి.

మదార్ బీ ఇంట్లో బియ్యం అడుగంటాయి. ఆకలైతే ఎట్లాగో ఓర్చుకుంటుంది. అది కంబన్న కంట పడితే మాత్రం తలెత్తుకోలేదు. అందుకని డబ్బా నిండా వేరుశనగ పొట్టు కుక్కి, పైన రెండు గిద్దెల బియ్యం పరిచింది. "ఇప్పుడు ఎత్తుకో, ఎన్ని మూతలు ఎత్తుకుంటావో" అనుకుని సంబరపడింది.

కంబన్న వచ్చాడు. మూత ఎత్తి "ఊఁ" అన్నాడు. గెలిచానని ఆమె నవ్వబోయేలోగా ఆ మహానుభావుడు మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. గుప్పెడు పొట్టు పైకొచ్చింది.

మదార్ బీకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కంబన్న పొట్టును లోపలే వేసి, బియ్యం పైకి సర్ది, మూత పెట్టాడు.

"శానా ఉండాయక్కా," అన్నాడు గట్టిగా. "నా కొంపలోనే కష్టం. ఎలుకలు కొర్రలన్నీ తినేస్తాండాయి. ఒక మూట ఈడ పెడతా. పురుగు పడతాదేమో, దినామూ ఇంత వండి చూస్తాండు."

సాయంత్రానికే మూట దించిపోయాడు. మర్నాడు బోరు దగ్గర ఈ మాట చెబితే, నీళ్లకొచ్చిన కృష్ణవేణమ్మ నోరు తెరిచింది.

"మా ఇంట్లోనూ ఒకటి పెట్టినాడే! వెంకటేశ్వరమ్మ ఇంట్లో ఇంకోటి. ఆయన కొంపలో ఎలుకలు యాడివి? తినేదానికి ఏమీ ల్యాక ఎప్పుడో గుంటూరుకు వలసపోయింటాయి!"

మూడు మూటలూ మూడిళ్లలో ఉన్నాయి. మరి ఈయన ఏం తింటున్నట్టు? మదార్ బీకి కోపమూ వచ్చింది, కంబన్న మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆయన్ను పిలిచి, పీట వేసి, పళ్లెం నిండా కొర్రన్నం, పుంటికూర పప్పు పెట్టింది.

"ఏందక్కా ఇది?"

"పురుగు పట్టిందో ల్యాదో నాకు తెలీడం ల్యా. నువ్వే తిని చెప్పు."

కంబన్న పళ్లెం ఖాళీ చేసి తల గోక్కున్నాడు. "ఒక్కసారికి తేలేట్టు ల్యాదక్కా. ఇంకొంచెం పెట్టు."

"యాడ తేలుతాది? మళ్లీ పంటొచ్చేదాకా దినామూ వచ్చి చూడాల్సిందే," అంది మదార్ బీ, గరిటె నిండా వడ్డిస్తూ.