ఉమ్మడి గాలి

హనుమాన్ జంక్షన్‌లో నాన్న వదిలివెళ్ళిన షెడ్డుని నేనూ అన్నయ్యా పంచుకున్నప్పుడు అన్నీ రెండయ్యాయి గానీ గాలి పట్టే కంప్రెసర్ మాత్రం రెండు కాలేదు. ట్రాక్టర్ ట్రక్కులు కట్టే పని మాది. వెల్డింగు చేసిన అతుకుల్ని నేను గ్రైండరుతో అరగదీస్తాను, అన్నయ్య రంగు కొడతాడు. నా గ్రైండరు గాలితో తిరిగేది, అన్నయ్య స్ప్రే గన్‌కీ గాలే కావాలి. అందుకని పెద్దమనుషులు కంప్రెసర్‌ని అన్నయ్య వైపు ఉంచి, మధ్య గోడకి కన్నం పెట్టించి నాకో ఇనప పైపు ఇప్పించారు. ఇళ్ళూ పొలాలూ పంచుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు, గాలి పంచుకున్నవాళ్ళం మేమే.

గొడవ దేనికంటే చెప్పుకోవడానికే సిగ్గు. గేటు తూర్పుకా, ఉత్తరానికా అని. దాంతో మాటలు పోయాయి. పైపు మిగిలింది. గాలి చాలక గ్రైండరు నీరసించగానే స్పానరుతో పైపు మీద రెండు దెబ్బలు కొట్టేవాణ్ణి. అటువైపు స్ప్రే గన్ ఆగిపోయేది. రంగు సగంలో ఆపితే రేకు మీద చార పడుతుంది, మళ్ళీ మొదటినుంచీ కొట్టుకోవాలి. అయినా ఆపేవాడు. ఇందులో గొప్పేముంది, నా వాటా నాకిస్తున్నాడు అనుకునేవాణ్ణి.

నిరుడు ఉయ్యూరు వైపు నుంచి చెరకు తోలే ట్రక్కులు ఒక్కసారే రిపేరుకి వచ్చిపడ్డాయి. పొద్దస్తమానం పైపు కొట్టి అడుక్కోవడం నామోషీ అనిపించింది. నాకు నామోషీ కాస్త ఎక్కువే లెండి. బెజవాడ వన్ టౌన్ వెళ్ళి పాత సామాన్ల కొట్లో ఓ చిన్న మోటారు పట్టుకొచ్చాను. గ్రైండరు విప్పి, గాలికి తిరిగే రెక్కలు తీసేశాను. మోటారుని దూలానికి వేలాడదీసి, అక్కణ్ణించి గ్రైండరు దాకా వంగే షాఫ్టు ఒకటి బిగించాను. మొదట్లో అది మెలికలు తిరిగి నన్నే కొట్టబోయింది. నానా తిప్పలూ పడితే చివరికి దారికొచ్చింది. ఇక స్విచ్చి వేస్తే చాలు, ఎవరి దయా అక్కర్లేకుండా గిర్రున తిరుగుతోంది. ఆ రోజు నా అంత మొనగాడు జంక్షన్‌లో లేడనుకున్నాను.

కొన్నాళ్ళకి, ఓ మధ్యాహ్నం, అన్నయ్య రోడ్డుమీదుగా చుట్టూ తిరిగి నా షెడ్డు గుమ్మంలోకొచ్చాడు. చేతుల నిండా రంగు. భుజాన కొత్త పైపు.

“ఏరా, ఈమధ్య పైపు చప్పుడే లేదు. గాలి రావట్లేదా? పైపెక్కడన్నా చితికిందేమో, మార్చేద్దామని తెచ్చా.”

ఏళ్ళ తర్వాత అన్నయ్య నాతో అన్న మొదటి మాట అది. నేనేం చేశాను? స్విచ్చి వేసి చూపించాను.

“అక్కర్లేదన్నయ్యా. కరెంటుకి మార్చేశా. ఇంక నీ గాలితో పన్లేదు.”

అన్నయ్య తిరిగే మోటారుకేసి కాసేపు చూశాడు. “బాగా చేశావురా” అన్నాడు. అన్నయ్య నోట మెచ్చుకోలు అంత తేలిగ్గా రాదు. నేను పొంగిపోయాను. ఆ పొంగులో నేనుండగానే వెళ్ళిపోయాడు.

క్యారేజీ తెస్తున్న మా ఆవిడకి ఎదురుపడ్డాడట.

“బావగారేంటండీ, ఇటొచ్చారు?” అంది లోపలికొస్తూనే.

“గాలి సంగతి కనుక్కుందామని.”

“కూర్చోమన్నారా?”

నేను మోటారు స్విచ్చి ఆపేశాను.

“మంచినీళ్ళన్నా ఇచ్చారా?”

గబగబా రోడ్డు మీదికెళ్ళాను. అన్నయ్య లేడు. మర్నాడు చూస్తే పైపు లేదు, గోడ కన్నం అటునుంచి సిమెంటుతో పూడ్చేసి ఉంది. పూడ్చడా మరి? వాడని కన్నంలోంచి ఎలకలొస్తాయి.

తర్వాత చాలాసార్లు అన్నయ్య గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఏమని పిలవను? మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ మిగిలిన వంక ఆ గాలి ఒక్కటే. దాన్ని నా చేతుల్తో నేనే విప్పి పక్కన పడేశాను.