చౌడమ్మ పేరు మీద వచ్చిన రక్తం

దయ్యాలు, సూచనలు అంటే నాకు నవ్వొస్తుంది. ఆదోనిలో ఒక చిన్న ల్యాబులో పదహారేళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్నాను. మైక్రోస్కోపులో కనపడనిది నా లెక్కలో లేనట్టే.

మా అమ్మ చౌడమ్మ ఎమ్మిగనూరులో మగ్గం నేసేది. నిరుడు ఆమెకు నడుము నొప్పి మొదలైంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పొద్దంతా వంగి నేసే మా వీధిలో ఆ నొప్పి లేనిదెవరికి? మనిషి పాలిపోయి నాలుగడుగులకే ఆయాసపడుతున్నా వయసు అనుకున్నాం.

ఒక సోమవారం ఉదయం నేనే తాళం తీసి ల్యాబులోకి వెళ్తే, స్టాండులో ఒక రక్తం ట్యూబు ఉంది. మీద చీటీ: చౌడమ్మ, 58, ఎమ్మిగనూరు. పట్టుకుంటే ఇంకా గోరువెచ్చగా ఉంది. ఓనరు పెట్టి వెళ్లి ఉంటాడనుకున్నాను.

హిమోగ్లోబిన్ బాగా తక్కువ. ముప్పై లోపు ఉండాల్సిన ఈఎస్ఆర్ నూరు దాటింది. స్లైడు మీద ఎర్రకణాలు రూపాయి బిళ్లలు దొంతర పెట్టినట్టు అతుక్కుని ఉన్నాయి. ఎముక మజ్జలో వచ్చే మైలోమా అనే క్యాన్సర్‌లో అలా ఉండొచ్చని చదువుకున్నదే.

వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. "నేను ఆదోనికి యాడొచ్చినాన్రా? మగ్గం కాడనే ఉండాను" అంది. రిపోర్టు కోసం ఎవరూ రాలేదు. మా వైపు చౌడమ్మలు వీధికి ఇద్దరు. ఇంకెవరో అనుకుని స్లైడు కడిగేశాను.

రెండు నెలలకు ఇంటికి వెళ్తే అమ్మ లేవలేకుండా ఉంది. నేను ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ణి. అలాంటివాళ్లు తొక్కితే నడుము నొప్పి పోతుందని మావాళ్ల నమ్మకం. చిన్నప్పుడు నాతో తొక్కించుకోడానికి వీధిలో అందరూ వచ్చేవాళ్లు. "ఒకసారి తొక్కప్పా, తగ్గిపోతాది" అంది. నాకు నమ్మకం లేకున్నా ఆమె మాట తీసేయలేక కాలు పెట్టాను. లోపల ఏదో విరిగింది. నా అరికాలికి తెలిసింది.

ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస నలిగిపోయి ఉంది. మిగతా ఎముకల్లో గుండ్రంగా బొక్కలు. కర్నూలులో మజ్జ తీసి చూసి మైలోమా అని తేల్చారు. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి.

తిరిగొచ్చి మా రిజిస్టరు తీశాను. రెండు నెలల్లో రోగం ముదరాలి, అంకెలు మారాలి. ఆ సోమవారం నేను రాసినవీ, కర్నూలులో అమ్మ రక్తపరీక్షలో వచ్చినవీ ఒక్క పాయింటు కూడా తేడా లేవు. ట్యూబు సంగతి ఓనరుకు తెలియదు. రక్తం తీసే అమ్మాయికీ తెలియదు. అదెలా వచ్చిందో నేను ఇప్పటికీ చెప్పలేను.

మొన్న అమ్మ మంచం మీద నుంచి అడిగింది. "ముందే తెలిసింటే బాగయ్యేదాన్నేమో గదప్పా?"

స్లైడు సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. కళ్లు తుడుచుకుని, ముందు తెలిసే రోగం కాదులేమ్మా అన్నాను.

"అట్లయితే ఇంక ఏడవొద్దు. తొక్కమనింది నేనే గదా" అంది.