నాయన తెలుగులో ఒప్పుకున్న తప్పులు

ఈరోజు పొద్దున నేనొక తప్పు చేశాను. ఆదివారం పూజ ముగించుకుని చర్చి మెట్లు దిగుతుంటే కుడికాలి చెప్పు పట్టీ ఊడి వచ్చింది. సోమందేపల్లె బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే అబ్బాయి చేత నాలుగు రోజుల కిందటే కుట్టించుకున్న పట్టీ అది. ఊడిన చెప్పు చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ అతని దగ్గరికి వెళ్లి, పక్కనే టీ అంగడి ముందు కూర్చున్న నలుగురైదుగురు వినేటట్టుగా నానా మాటలూ అన్నాను. పని రానివాడివి ఈ పెట్టె ముందేసుకుని ఎందుకు కూర్చున్నావని కూడా అన్నాను. అతను, “ఇయ్యి పెద్దాయనా, ఇంగోసారి కుట్టి ఇస్తా” అని చెప్పు అందుకుని, తలెత్తకుండా కుట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఈ ఘనకార్యాన్ని మనవరాలికి చెప్పుకుంటే, అది చేతిలో ఫోను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. “తాతా, రెండు దినాలు తడపొద్దని ఆయప్ప నీకు చెప్పలేదా? నేను పక్కనే ఉంటి గదా. నువ్వే మర్రోజు మొక్కలకు నీళ్లు పోస్తా బురదలో తొక్కితివి” అంది. నిజమే. నాకు గుర్తుండవలసిన మాటే. అంతకు గంట ముందే చర్చిలో నిలబడి మూడుసార్లు రొమ్ము తట్టుకుని వచ్చినవాణ్ణి కదా, ఆ చెయ్యి ఇంకా రొమ్ము దగ్గరే ఉన్నట్టనిపించి, చాలా రోజుల తర్వాత మా నాయన కళ్లముందు మెదిలాడు.

మాది శింగనమల చెరువుకు ఎగువన, చెరువు నీళ్లు అందని మెట్ట పల్లె. నేను చెప్పేది ఏభైల చివర, అరవైల మొదటి సంగతి. ఆ రోజుల్లో మా తట్టు పంటంటే వాన, వాన లేకపోతే కపిల. నా వయసువాళ్లకు కపిల అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు గానీ, పక్కన కూర్చుని చదివే మనవళ్ల కోసం చెబుతాను. బావి గట్టు నుంచి పల్లానికి ఒక బాట ఉంటుంది. ఎద్దుల జత మోకు లాగుతూ ఆ బాట దిగితే బావిలోంచి ఇనుప బాన నిండా నీళ్లు పైకొస్తాయి. బాన అడుగున ఏనుగు తొండంలాంటి తోలు గొట్టం ఉంటుంది, దాన్ని తొండమనే అంటారు, నీళ్లు అందులోంచే కాలువలోకి దుముకుతాయి. ఆ తొండాలు కుట్టేవాడు మా నాయన. తంగేడు చెక్క నీళ్లలో ఊరిన తోలును కోసి, ఆరె అనే దబ్బనంతో పొడిచి, తోలువారుతో రెండు వరసలు కుట్టేవాడు. తెల్లవారుజామున పది బావుల దగ్గర కిర్రుమనే కపిల గిలకలు వింటూ పడుకుంటే, అందులో ఏడెనిమిది మా ఇంటి తొండాలేనని నాకు లోలోపల గర్వంగా ఉండేది. బయటికి మాత్రం, ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి కనుక, ఆ తోలు వాసన నాకు గిట్టనట్టు తిరిగేవాణ్ణి.

మా వాడలో ఒక మట్టిమిద్దె చర్చి ఉండేది. ఫాదరును మేం స్వాములవారనేవాళ్లం, ఆయన నెలకొకసారి సైకిలు మీద వచ్చి పూజ చేసి వెళ్లేవారు. అప్పట్లో పూజంతా లాటిన్‌లోనే. ఆయన మాకు వీపు చేసి పీఠం వైపు తిరిగి ఏదో చదువుతుంటే, ఒక్క ముక్క తెలియకపోయినా అందరం ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. మాకు తెలిసిందల్లా ఒకచోట మూడుసార్లు రొమ్ము తట్టుకోవాలని. చదువురాని మా నాయన ఒకసారి పూజయ్యాక, దానికి అర్థమేమిటని మా మేనమామను అడిగాడు. మామ మా చర్చికి ఉపదేశి, స్వాములవారు లేని ఆదివారాల్లో జపాలు చదివించే మనిషి. తప్పు నాదే, తప్పు నాదే, అంతా నా తప్పే అని దేవునితో చెప్పుకోవడం అని మామ చెప్పాడు. నాయన గడ్డం గోక్కుంటూ ఒక మాట అన్నాడు.

“దేవునికి తెలీని తప్పు ఉండదు, తెలీని బాసా ఉండదు. మనం ఎవురికి చేసినామో వానికి తెలియల్ల గదా. వానికి లాటిన్ యాడొస్తాది బావా?”

ఆ నెల నుంచి మొదలైంది. స్వాములవారు వచ్చే ముందురోజు నాయన తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఆ నెలలో ఎవరితో మాట తూలాడో, ఎవరికి చెప్పిన గడువుకు పని ఇవ్వలేదో, వాళ్ల గడపల ముందుకు వెళ్లి తెలుగులో చెప్పేవాడు, తప్పు నాది అని. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. సంజాయిషీ చెప్పడు, క్షమించమని బతిమాలడు, చెప్పి వచ్చేస్తాడు. చెల్లెలికి తెస్తానన్న గాజులు తేనందుకు దానితో చెప్పాడు. మేకను రాయితో కొట్టినందుకు ఊళ్లో గొర్రెలు కాసే అన్నతో చెప్పాడు. ఒక నెల ఏమీ దొరకలేదు కాబోలు, కొట్టంలోకి వెళ్లి ఎద్దుతో చెబుతుంటే నేనే చూశాను. అమ్మ అయితే ఆ రోజు పనంతా పొద్దున్నే ముగించుకుని అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది, ఆయన మర్చిపోయినవి గుర్తుచేయడం కోసం. ఊళ్లోవాళ్లకు ఇదొక వేడుకైపోయింది. గొర్రెలు కాసే అన్న దారికి అడ్డం నిలబడి, “ఏమన్నా, ఈ నెల నాతో పనిలేదా? సంతలో తిట్టింది మర్సిపోతివా?” అని నవ్వేవాడు. నాయన కూడా నవ్వి, ఆ తప్పూ ఒప్పుకునేవాడు.

నాకు మాత్రం తల తీసేసినట్టుండేది. అసలే ఊరికి ఎడంగా బతికే వాళ్లం, అడిగినవాడికీ అడగనివాడికీ చేతులు కట్టుకుని నిలబడే వాళ్లం, ఇంకా మనంతట మనం వెళ్లి తల వంచడం ఏమిటని కుతకుతలాడేవాణ్ణి. నాయన వంచేది తల కాదని తెలుసుకోవడానికి నేనొక పాడుపని చేయవలసి వచ్చింది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. శింగనమలకు టెంటు సినిమా వచ్చింది. ఆ రోజే మా ఊరి పెద్దరెడ్డికి కొత్త తొండం ఇవ్వాలి. ఆయనకు నాలుగు కపిలలు, మా ఇంట్లో సగం కూడు ఆయన పని మీదే. నాయన తోలు కోసి, తొండాన్ని బానకు బిగించే చోట రెండు వరసలూ గట్టిగా కుట్టమని నాకప్పగించి మరో ఊరికి పోయాడు. నేను ఒక్క వరస కుట్టి, రెండో వరస ఉండవలసిన చోట ఆముదం పూసి, పైన మట్టి రుద్ది, ఉన్నట్టే కనిపించేలా చేసి సినిమాకు పరుగెత్తాను. తిరిగొచ్చిన నాయన నా మీది నమ్మకంతో దాన్ని విప్పి చూడకుండానే తీసుకెళ్లి బిగించి వచ్చాడు.

పది రోజులకు, రాగిపైరు గింజ పట్టే సమయంలో, నిండు బాన సగం పైకొచ్చాక తొండం తెగింది. నీళ్లన్నీ ఒక్కసారిగా బావిలోకి జారేసరికి బరువు తేలికై, లాగుతున్న ఎద్దుల్లో ఒకటి ముందుకు తూలి మోకాళ్ల మీద పడింది. పిలుపు రాగానే నాయనతో పాటు నేనూ వెళ్లాను. నాయన తెగిన తొండాన్ని చేతిలోకి తీసుకుని, అంచు వెంబడి బొటనవేలితో నెమ్మదిగా తడుముకుంటూ పోయి, ఒకచోట ఆగి నా వైపు చూశాడు. నేను ఎద్దు వైపు చూశాను.

నాయన పెద్దరెడ్డి వైపు తిరిగి, చూసుకోకుండా ఇచ్చినానని, తప్పు నాదని చెప్పాడు. పెద్దరెడ్డికి అది సరిపోలేదు. కుళ్లిన తోలు అంటగట్టినావురా, అది కూడా ఒప్పుకుని కాళ్లు పట్టుకో అన్నాడు. అప్పుడు నాయన అన్న మాట, ఆ నిలబడ్డ తీరు, నాకు ఈనాటికీ నిన్నటిలాగే ఉంది.

“కుళ్లిన తోలు నేను పెట్టలేదు సామీ. లేని తప్పు ఒప్పుకుంటే, ఉన్న తప్పుకు ఇలవ లేకుండా పోతాది.”

కాళ్లు పట్టుకోలేదు. తన కపిలల తట్టు మళ్లీ రావద్దని పెద్దరెడ్డి కేకేశాడు. ఇద్దరం ఇంటికి నడిచి వచ్చాం. ఆ పూట అమ్మ సంకటి ముద్దలు చిన్నవి చేసింది.

మూడో రోజు, స్వాములవారు రాబోయే ముందుదినం, నాయన మామూలుగా తలస్నానం చేసి పంచె కట్టుకుని, గడప దాటకుండా నా పక్కనే వచ్చి కూర్చున్నాడు. “బావి కాడ నిన్ను మనసులో పనిదొంగ అని తిట్టుకుంటిరా. నోటితో అనలేదు గానీ, తిట్టింది తిట్టిందే. తప్పు నాది” అన్నాడు. పంతొమ్మిదేళ్లవాణ్ణి, మీసం వచ్చినవాణ్ణి, ఆయన మోకాళ్ల మీద తలపెట్టి ఏడ్చాను. సినిమా సంగతీ, మట్టి రుద్దిన సంగతీ అంతా చెప్పాను. నాయన నా వీపు తడుతూ, “కుట్టు తడిమితే తెలీదా, యాడ ఎవురి చెయ్యి పడిందో. చూడకుండా ఇచ్చిన తప్పు నాది, దాన్ని నేను చెప్పుకుంటి. కుట్టని తప్పు నీది. దాన్ని నీకే వదిలిపెడితి” అన్నాడు.

పెద్దరెడ్డి బావి దాకా ఎలా నడిచానో తెలియదు. ఆయన ఎద్దు మోకాళ్లకు పసుపు నూనె రాయిస్తున్నాడు. దూరంగా నిలబడి, ఒక్క వరసే కుట్టినానని, తప్పు నాదని, ఇచ్చేటప్పుడు మా నాయనకు తెలియదని చెప్పాను. ఆయన ములుకోల పైకెత్తాడు. దెబ్బ పడుతుందనే కళ్లు మూసుకున్నాను. పడలేదు. ఎద్దు దగ్గర కూర్చున్న ముసలి కపిలతోలేవాడు, తల తిప్పకుండానే మాట్లాడాడు.

“దినామూ ఆముదం పట్టించి, నీడలో పెట్టమని వాళ్ల నాయన చెప్పేపోయినాడు సామీ. పట్టిస్తానంటే నువ్వే వద్దంటివి. తోలు ఎండలో ఎండిపోయి పలకమాదిరి అయిపాయ.”

పెద్దరెడ్డి ములుకోల దించాడు. ఇంటికి పొమ్మన్నాడు, అంతే.

మర్నాడు పూజలో రొమ్ము తట్టుకునే చోట నా చెయ్యి మొదటిసారి నిజంగా రొమ్ముకు తగిలింది. బయటికొచ్చి అందరం స్వాములవారి చుట్టూ మూగి ఉన్నప్పుడు, వాడ మొదట్లోని వేపచెట్టు కింద పెద్దరెడ్డి కనిపించాడు. ఆయన మా వాడలోకి అడుగుపెట్టడం అంతకుముందు ఎవరూ చూడలేదు. నేరుగా నడిచి వచ్చి, అంతకాలం ఒరే అని తప్ప పిలవని మా నాయనతో, అందరూ వింటుండగా, “ఆముదం వద్దన్నది నేను. తప్పు నాది అప్పా” అన్నాడు.

ఇన్నేళ్లుగా ఆ మాట చెప్పడమే తప్ప వినడం అలవాటు లేని మా నాయన బిక్కమొహం వేసుకుని నిలబడిపోయాడు. ఎటు చూడాలో తెలియక స్వాములవారి వైపు చూశాడు. వెనకనుంచి అమ్మ, “సరే అనల్ల, అంతే. నేను ప్రతి నెలా అనడంలే?” అంది. ముందు స్వాములవారు నవ్వారు, తర్వాత పెద్దరెడ్డి, ఆ తర్వాత వాడంతా. ఆ సాయంత్రమే నేనూ నాయనా కలిసి కొత్త తొండం కుట్టాం. రెండు వరసలయ్యాక నేను మూడో వరస మొదలుపెడితే, చాల్లేరా, నీళ్లు కూడా బయటికి రావల్ల గదా అని నాయన నా చేతిలోంచి ఆరె లాక్కున్నాడు.

పెద్దరెడ్డి మా మతంలోకి రాలేదు. నాయన రమ్మని అడగనూ లేదు. ఆయన తన దేవుడి జాతరకు తాను పోయేవాడు. కానీ స్వాములవారు వచ్చే ముందుదినం ఊళ్లో ఒక అలవాటుగా నిలిచిపోయింది. గట్టు తగాదాతో రెండేళ్లు మాటల్లేని అన్నదమ్ములు ఆ రోజే మాట కలిపారు. గొర్రెలు కాసే అన్న ఒకనాడు మా గడప ముందుకొచ్చి, మా చేను మేపింది తన గొర్రెలేనని ఒప్పుకుని, ఇంత సులభమని తెలిస్తే ఇంకొన్ని చేలు మేపి ఉందునే అన్నాడు.

తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి, కపిలలు ఆగిపోయాయి, తొండాలతో పని లేకపోయింది. నేను పంతులు ఉద్యోగంలో పడ్డాను. అరవైల్లోనే పూజ తెలుగులోకి మారింది. ఆ మొదటి రోజు నాయన చర్చిలోంచి బయటికొస్తూ, దేవుడు కూడా మన దోవకే వచ్చినాడు చూడు బావా అని మా మామ భుజం చరిచాడు. ఇప్పుడు మనమందరం ప్రతి ఆదివారమూ ఆ మాటలు తెలుగులోనే స్పష్టంగా చెబుతున్నాం, ఒక్క అక్షరం తడబడకుండా. అయితే దేవునితో చెప్పినంత తేలిగ్గా మనిషితో చెప్పడం మర్చిపోయాం. మనం అంటున్నాను గానీ, నా సంగతే ఇది. ముప్పై ఏళ్లు పంతులుగా పనిచేసి ఎందరు పిల్లలను అకారణంగా కొట్టానో, ఒక్కరితోనైనా చెప్పుకున్న జ్ఞాపకం లేదు. మాది తోలుపని ఇల్లని ఈ ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

సాయంత్రం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని బస్టాండుకు వెళ్లాను. టీ అంగడి ముందు పొద్దున ఉన్నవాళ్లలో ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్లు వినేటట్టే చెప్పాను, తడిపింది నేను, తప్పు నాది అని. ఆ అబ్బాయి, అచ్చం మా నాయనలాగే, ఎటు చూడాలో తెలియక తల గోక్కున్నాడు. సరే అనాలప్పా, అంతే అని నేనే నేర్పాను. తర్వాత, మా నాయనా ఇదే పని చేసేవాడని చెప్పాను. అతను మొదటిసారి నన్ను పరీక్షగా చూసి, గోనెసంచి సగం దులిపి పక్కన చోటు చూపించాడు. కూర్చుని, అతని ఆరె అడిగి తీసుకుని, ఎవరిదో పాత చెప్పుకు నాలుగు కుట్లు వేశాను. అరవై ఏళ్ల తర్వాత ఆ తోలు వాసన నాకు హాయిగా ఉంది.

అతను ఆ చెప్పు తీసుకుని, కుట్టు మీద బొటనవేలు పెట్టి తడిమి చూశాడు. “పెద్దాయనా, ఏమనుకోవద్దు. ఇది నేను ఇప్పి మళ్లా కుట్టల్ల” అన్నాడు.

సరే అన్నాను.