కబురు పెట్టని మకాం

పందొమ్మిది వందల యాభైల్లో ఒక వేసవిలో మేము చోడవరం నుంచి అరసవల్లికి ఎడ్లబండి మీద వెళ్ళాం. రైలు లేక కాదు. అంతకు ముందు ఏడు మా తాతకి కళ్ళు ఎర్రబడి, చూపు మసకేసి, పొలం గట్టు మీద కూడా తడుముకుంటూ నడిచే రోజుల్లో మామ్మ సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. చూపు నిలబడితే మా బండి మీద, మా ఎడ్లతో, మా ఇంటాయనే తోలుకుంటూ నీ గుమ్మంలోకి వస్తామని. చూపు నిలబడింది. ఇక రైలు మాట ఎవరూ ఎత్తలేదు.

అమ్మా నాన్నా వెళ్ళలేదు. పసి తమ్ముళ్ళు, గొడ్లు, చెరుకు తోటకి నీళ్ళు పెట్టే పని. తాత, మామ్మ, అత్త, నేను బయల్దేరాం.

అత్త అంటే నాన్న చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మావయ్య జ్వరంతో పోతే పుట్టింటికి తిరిగొచ్చేసింది. పిల్లలు లేరు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మా ఇంట్లో ఉంది. అమ్మకి తమ్ముళ్ళతోనే సరిపోయేది. నాకు తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం, దెబ్బ తగిలితే పసుపు అద్దడం అన్నీ అత్తే. రాత్రుళ్ళు ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఆమె చీర కొంగుకి ఎప్పుడూ బెల్లం పాకం వాసన ఉండేది. మా గానుగ దగ్గర పాకం దించేటప్పుడు కలియబెట్టేది ఆమే మరి.

ప్రయాణానికి ముందు తాత అరుగు మీద కూర్చుని మకాములు అనుకున్నాడు. మొదటి రాత్రి కె.కోటపాడులో మామ్మ అన్నగారింట్లో. మర్నాడు కొత్తవలస దాటాక ఒక తెలిసిన రైతు ఇంట్లో. ఆ తర్వాత విజయనగరం దగ్గర, ఆ పైన చంపావతి ఒడ్డున తన మేనమామ కొడుకు ఇంట్లో, చివరిగా ఏరు దాటాక ఇంకో ఊళ్ళో. అటువైపు వెళ్ళే బెల్లం బండ్లవాళ్ళతో ఊరూరికీ కబురు పంపించే పనిలో ఉన్నాడు. అత్త గుమ్మంలో నిలబడి వింటోంది.

"అన్ని సోట్లకీ కబురెందుకు నాన్నా? దారి పొడుగునా తోటలున్నాయి. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ దిగుదాం. మూడు రాళ్ళు దొరకవేటి, పొయ్యెట్టుకోడానికి?" అంది.

"ఆడోళ్ళతో పోతన్నాం. తోటలో దిగితే ఎడ్లని ఎవులు తోలుకుపోతారో ఎవులికి తెల్సు?" అన్నాడు తాత. "ముందు కబురెట్టుకున్నామంటే ఎసరెట్టుకుని మనకోసం సూస్తారు. ఎడ్లకి గడ్డేసి ఉంచుతారు. సీకట్లో ఎవుడి అరుగెక్కుతాం, సెప్పు?"

"పోనీ ఒక్క రెండు సోట్ల ఒగ్గేయ్. కబురెట్టకు."

"నీ బాదేటే?"

అత్త లోపలికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆమె మాటే నచ్చింది. తోటలో పడుకోవడమంటే ఏ పిల్లకి ఇష్టం ఉండదు? ఆమె ఎందుకు అంత బతిమాలిందో కె.కోటపాడు చేరాకగానీ నాకు తెలియలేదు.

గూడు బండిలో గడ్డి మెత్తగా పరిచి, దాని మీద గోనెలు, గోనెల మీద బొంత. కోడి కూసేవేళకి బండి కట్టేవాళ్ళం. ఎండ ముదిరితే ఏ చెట్టు కిందో ఆగి, అటుకులూ బెల్లమూ తిని, మళ్ళీ చల్లబడ్డాక కదిలేవాళ్ళం. దారి దుమ్మంతా మా మీదే. కె.కోటపాడులో దిగేసరికి మా కనురెప్పలు కూడా ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. కాళ్ళు కడుక్కున్నామో లేదో, ఆ ఇంటావిడ అత్తని లోపలికి తీసుకెళ్ళి, మంచి చీర కట్టించి, తల దువ్వి, మంచినీళ్ళ చెంబు చేతికిచ్చి అరుగు మీదకి పంపింది. అక్కడ తాత పక్కన ఎవరో ఒకాయన, ఆయనతో ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. అత్త చెంబు అక్కడ పెట్టి తల వంచుకుని నిలబడింది. వాళ్ళు మా తాతతో ఎడ్ల గురించి మాట్లాడుతూనే ఆమెని కింది నుంచి పైకి చూశారు.

మా వైపు మారుమనువు కొత్తేం కాదు. తాత కూతురికి మళ్ళీ ఒక ఇల్లు చూడాలనుకున్నాడు. ఎలాగూ బండి కడుతున్నాం కదా, దారిలో సంబంధాలు కూడా చూసేయొచ్చనుకున్నాడు. మేము ఫలానా రోజు వస్తున్నామన్న కబురుతో పాటు ఆ కబురు కూడా ప్రతి మకాముకీ వెళ్ళింది.

రెండో రాత్రి కూడా అదే. ఈసారి వచ్చినాయన పళ్ళూడినవాడు. మూడో పొద్దున బండిలో అత్త మామ్మతో మెల్లగా అంది:

"మనువు ఒద్దన్నానేటమ్మా? ఊరూరా దించి సూపెట్టొద్దన్నాను. ఒంటి నిండా దుమ్ము, కళ్ళ నిండా నిద్ర. బండి దిగీసరికి ఎవుడో ఒకడు కూకునుంటాడు. సంతలో పెయ్యిని సూసినట్టు సూస్తాడు."

"మీ నాన్నకి ఇంకెప్పుడు కుదుర్ద్ది సెప్పు?" అంది మామ్మ. "నీ మంచికే గదా."

ముందు కూర్చుని తోలుతున్న తాతకి వినబడే ఉంటుంది. ఎడ్లని అదిలించాడు, అంతే. విజయనగరం దగ్గరి మకాములో కూడా చెంబు, చీర, అరుగు తప్పలేదు. ఆ రాత్రి అత్త నా వైపు తిరిగి పడుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని పడుకున్నాను.

చంపావతి ఒడ్డు ఊరు చేరేసరికి పొద్దు వాలింది. ఊరి మొగలోనే తాత మేనమామ కొడుకు ఎదురొచ్చి దూరంగా నిలబడిపోయాడు.

"బావా, ముందుకి రాకండి. ఈ పొద్దే మా కోడలు ఆడపిల్లని కంది. పురిటి మైల. దేవుడికాడికి పోతన్నోళ్ళు మా గుమ్మం తొక్కకూడదు. మీకు కబురంపిద్దామంటే అప్పటికే మీరు దారిలో ఉన్నారు," అన్నాడు. ఆయన మొహంలో ఒక పక్క సంతోషం, ఒక పక్క సిగ్గు.

తాత ఆకాశం వైపు చూశాడు. వెనక్కి విజయనగరం దూరం. ముందు మకాము ఇంకా దూరం. ఇన్నేళ్ళలో ఆయన చేసుకున్న ఏర్పాటు తప్పిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. పగ్గాలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

బండి లోపల్నుంచి అత్త, "ఏరుంది గదా నాన్నా," అంది.

వేసవి కదా, చంపావతిలో నీళ్ళు సన్నటి పాయగా ఒక ఒడ్డునే పారుతున్నాయి. మిగతాదంతా ఇసుక. ఒడ్డు మీద మామిడి చెట్ల కింద అప్పటికే ఒక బండి దిగి ఉంది. మా బండిని దాని పక్కన ఆపి తాత ఎడ్లని విప్పాడు. ఆ ఊరి బంధువు పొరుగింటి వాళ్ళ చేత కట్టెలూ గడ్డీ పంపించాడు.

అత్త బండి దిగిన తీరే వేరు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఒక్క ఉరుకున ఇసుకలోకి వెళ్ళింది. నన్ను పిలిచి, చేతులతో ఇసుక తోడి చెలమ చేసింది. నీళ్ళు ఊరి, తేటపడేదాకా ఇద్దరం దాని పక్కనే కూర్చున్నాం. మూడు రాళ్ళు తెచ్చి పొయ్యి పెట్టింది. అన్నం, రాలిన మామిడికాయలతో పప్పు. వండుతూ వండుతూ నాతో కబుర్లు. చిన్నప్పుడు శారదా నదిలో ఈత నేర్చుకున్నానని, తన అన్న, అంటే మా నాన్న, భయపడి గట్టు మీదే ఉండిపోయేవాడని చెప్పి నవ్వింది. ఆమె పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. మొహం కూడా కడుక్కోలేదు. ఎర్రమట్టి చెంపల మీద అలాగే ఉంది. ఆమెని చూడటానికి రావలసినవాళ్ళు ఎవరూ లేరు.

పక్క బండిలో ఆలుమగలు ఇద్దరే. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఆవిడ పిడక ముక్క పట్టుకుని నిప్పు కోసం మా పొయ్యి దగ్గరికొచ్చింది.

"ఏ ఊరమ్మా మీది?" అంది.

"సోడారం," అంది అత్త. "అరసవల్లి పోతన్నాం. మీరో?"

"పూరీ పోతన్నాం."

"బండి మీదే? అంత దూరం? మకాములకి ఎవులికైనా కబురెట్టేరా?"

"లేదమ్మా. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే."

అత్త ఆవిడ కేసి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. ఆకలేసినవాళ్ళు అన్నం కేసి చూసినట్టు చూసింది. ఆవిడ నిప్పు తీసుకుంటూ నన్ను చూసి, "ఈ పిల్ల నీ గుంటేనా?" అని అడిగింది.

అత్త గరిటె తిప్పుతున్న చెయ్యి ఆగింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, "ఊఁ. మా గుంటే," అంది.

మామ్మ బండి దగ్గర బొంతలు దులుపుతోంది. ఆమె విన్నదని నాకు తెలుసు, ఎందుకంటే దులపడం ఆపింది. ఆ తర్వాత మళ్ళీ దులిపింది. మా అమ్మ ఇంటి దగ్గర ఉంది, నన్ను ప్రేమగానే చూసేది. అయినా ఆ మాట నిజమైతే బావుండునని ఆ క్షణంలో అనుకున్నాను. అత్త నడుం చుట్టూ చేతులు వేసి, ఆవిడ వెళ్ళేదాకా వదల్లేదు.

ఆవిడ రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "కబురెట్టడానికి మాకెవులున్నారమ్మా," అంది. "పుట్టిన నలుగురూ పోయేరు. మీకోసం దారిలో ఎవులో ఒకరు ఎసరెట్టుకుని సూస్తారు గదా. అది సానా పెద్ద సంగతి."

ఆవిడ వెళ్ళాక అత్త పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత ఒక గిన్నెలో పప్పు తీసి, "ఆళ్ళకిచ్చి రాయే," అని నన్ను పంపింది.

అన్నాలు తిన్నాక తాత మా దగ్గరికొచ్చి ఇసుకలో కూర్చున్నాడు. కాసేపు చుట్ట కాల్చుకుని, "ఇక్కడ బానే ఉందే," అన్నాడు.

"బావుంది నాన్నా," అంది అత్త.



తెల్లారి లేచేసరికి పూరీ బండి వెళ్ళిపోయింది. అత్త ఏట్లో స్నానం చేసి, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ ఒడ్డున కూర్చుని ఉంది. "ఈ పూటకి ఇక్కడే ఉంటే ఏటవుద్ది నాన్నా?" అంది. తర్వాతి మకామువాళ్ళు ఎదురుచూస్తుంటారని తాత బండి కట్టాడు. నేను గూడు వెనక కూర్చుని ఏరు కనుమరుగయ్యేదాకా చూశాను.

ఆ సాయంత్రం మకాము ఊరు ఇంకా కొంచెం దూరం ఉండగానే తాత ఒక చెట్టు కింద బండి ఆపాడు. మమ్మల్ని అక్కడే ఉండమని తనొక్కడే ఊళ్ళోకి నడిచి వెళ్ళాడు. తిరిగొచ్చి బండెక్కుతూ, ఎవరి వైపూ చూడకుండా, "ఈ రేత్రికి ఎవుల్నీ పిలవొద్దని సెప్పేసేను. తిని పడుకోడమే," అన్నాడు. అత్త తల గూడుకి ఆనించి కళ్ళు మూసుకుంది. మామ్మ ముక్కు చీదుకుంది.

అరసవల్లిలో ఆదివారం దర్శనం అయింది. మామ్మ మొక్కు తీరింది. తిరుగు ప్రయాణంలో అత్త అడగకముందే తాత, "సంపావతి కాడ ఇసకలోనే దిగుదాం," అన్నాడు. దారంతా మేమిద్దరం అక్కడ ఏం వండుకోవాలో చెప్పుకుంటూనే ఉన్నాం. కానీ ఏటికి ఇంకా దూరంగా ఉండగానే ఈదురుగాలి లేచింది. ఆకాశం నల్లబడి, చినుకులు రాళ్ళలా పడ్డాయి. ఎడ్లు బెదిరాయి. దారి పక్క ఊళ్ళో ఎవరిదో చావడిలో దూరి తడిసిన బట్టలతో ఆ రాత్రి గడిపాం. మర్నాడు ఏటి దగ్గరికి వచ్చేసరికి ఎర్రనీళ్ళు ఇసుకంతా పరుచుకుని ఉన్నాయి. మిగతా బండ్లతో కలిసి బేగి దాటిపోవాలని తాత తొందరపడ్డాడు. అత్త అటు చూపించి నాతో ఏదో అంది. నీళ్ళ చప్పుడులో వినబడలేదు.

తర్వాతి ఏడు శ్రీకాకుళం వైపు నుంచి ఒకాయన తనే మా ఇంటికొచ్చాడు. భార్య పోయి, ఇద్దరు ఆడపిల్లలున్నవాడు. చెంబూ, కొత్త చీరా ఏమీ వద్దని అత్త ముందే చెప్పింది. గానుగ దగ్గర పని చేస్తున్న చీరతోనే వచ్చి ఎదురుగా కూర్చుని, ఆయన పిల్లల గురించి అడిగింది. పెద్దదానికి ఏం తినడం ఇష్టం, చిన్నది ఎవరి పక్కన పడుకుంటుంది, ఇలాంటివి. ఆయన తల వంచుకుని అన్నిటికీ చెప్పాడు. అత్త ఒప్పుకుంది.

ఆమె వెళ్ళాక నాకు పడుకునే చోటు లేకుండా పోయింది. అమ్మ పక్కన తమ్ముళ్ళు. మామ్మ మంచం ఇరుకు. గానుగ ఆడే రోజుల్లో పాకం పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఆ వాసనలో ఊరికే నిలబడేదాన్ని. "ఏటే, బెల్లం కావాలేటి?" అని అడిగేవాళ్ళు. కావలసింది అది కాదని ఎలా చెప్పను?

ఒక వేసవిలో నాన్న నన్ను అత్త ఊరు తీసుకెళ్ళాడు. ఈసారి బండి కాదు, బస్సు, రైలు, మళ్ళీ బస్సు. చంపావతి ఎప్పుడు దాటామో తెలియనే లేదు, నిద్రపోయాను. అత్త కొంచెం ఒళ్ళు చేసింది. ఇద్దరు పిల్లలూ ఆమె వెనకాలే తిరుగుతూ అమ్మా అమ్మా అంటున్నారు. రాత్రి చిన్నది ఆమెకి ఒక పక్కన, నేను ఇంకో పక్కన. చిన్నది నిద్రలో ఆమెని తన వైపు లాక్కుంటే అత్త అటు తిరిగి పడుకుంది. నేను ఆమె వీపుకి మొహం ఆనించి పడుకున్నాను. పాకం వాసన లేదు. అక్కడ వాళ్ళకి చెరుకు లేదు, వరి ఒక్కటే.

మర్నాడు బస్సు దాకా ఆమె వచ్చింది. "మళ్ళీ ఎప్పుడొస్తావే?" అంది. "నాన్న తెస్తే," అన్నాను. నాన్న టిక్కెట్ల కోసం కండక్టర్ దగ్గరున్నాడు. బస్సు నిండిపోయి ఉంది. నాకు దొరికిన సీటు రోడ్డుకి అవతలి వైపు. బస్సు కదిలాక లేచి నిలబడి చూశాను గానీ, మధ్యలో మనుషుల భుజాలు, తలల మీద మూటలు. అత్త చెయ్యి ఊపిందో లేదో నాకు తెలియదు.