అస్థిపంజరాలు ముద్దు, నువ్వుండలు అశుభం: సాల్మియాలో నేను చూసిన హాలోవీన్

"అక్కా, ఈసారి హాలోవీన్ శుక్రవారం పడింది, అందరికీ సెలవే, మా బిల్డింగ్‌లో భలే చేస్తారు, రా" అని మా చెల్లెలు సుధ ఫోన్ చేయకపోతే నేను కువైట్ వెళ్ళేదాన్నే కాదు. విజయవాడలో ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన దాన్ని, పండగ ఎక్కడుందంటే అక్కడ వాలిపోతాను. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, సుమారు ఐదు గంటలు. రానూపోనూ నాకు ముప్పై రెండు వేలయింది. ఎయిర్‌పోర్ట్ నుంచి సుధ వాళ్ళుండే సాల్మియాకు టాక్సీ ఐదు దీనార్లు. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాత జరిగింది రాయడానికి నాలుగు రోజులు ఆగాను, కోపం చల్లారుతుందేమోనని. చల్లారలేదు, అందుకని ఇలాగే రాస్తున్నాను.

సుధ, మా మరిది ఇద్దరూ డాక్టర్లు. సముద్రానికి రెండు వీధుల ఇవతల మూడో అంతస్తులో ఫ్లాట్. వంటకూ, ఎనిమిదేళ్ళ హాసినిని చూసుకోవడానికీ ఓబులమ్మ అని రాజంపేట దగ్గర పల్లెటూరి మనిషి ఉంది. మునుపు ఆరేళ్ళు అరబ్బుల ఇంట్లో చేసింది, నాలుగేళ్ళుగా వీళ్ళ దగ్గరే. శుక్రవారం పొద్దున ఏడింటికి నేను కాఫీ కోసం వంటింట్లోకి వెళ్తే, బల్ల మీద చాక్లెట్ పెట్టెల కుప్ప చూస్తూ నిలబడి ఉంది. "ఏందక్కా ఇది? పిలకాయలు ఇంటింటికీ అడుక్కోను వస్తారంట గదా. ఉన్నోళ్ళ పిలకాయలకు ఆ కర్మేంది?" అంది. నాకు నవ్వొచ్చింది. ఇంకేం, పాఠం మొదలుపెట్టాను.

చాలా కాలం కిందట ఇంగ్లండ్, ఐర్లండ్ వైపు నవంబరు మొదటి రోజులు పోయినవాళ్ళను తలుచుకునే రోజులని చెప్పాను. బీదవాళ్ళూ, పిల్లలూ ఇంటింటికీ వెళ్ళేవాళ్ళు. ఇంటివాళ్ళు చిన్న తీపి రొట్టె పెట్టేవాళ్ళు. అది తిన్నవాళ్ళు ఆ ఇంట్లో పోయినవాళ్ళ ఆత్మ కోసం ప్రార్థన చేసేవాళ్ళు. వేషాలూ పాటలూ కొన్ని చోట్ల దీంతో కలిశాయి. మిఠాయి పెట్టకపోతే అల్లరి చేస్తామనే బెదిరింపు తర్వాతెప్పుడో అమెరికాలో బాగా ముదిరింది. అంటే ఇది అడుక్కోవడం కాదు, నువ్వు నాకు పెట్టు, నేను నీ మనిషి కోసం దేవుణ్ణి అడుగుతాను అనే ఒప్పందం. ఓబులమ్మ చపాతీ పిండి కలపడం ఆపేసింది.

"అంటే, తిన్నోళ్ళు సచ్చిపోయినోళ్ళను తలుసుకుంటారా అక్కా?"

"తలుచుకునేవాళ్ళు."

"మా యమ్మ పోయి మూడు నెల్లాయ. నేను పోలే. సెలవు కుదర్లేదులే. అంతా మా తమ్ముళ్ళే చేసినారు. నా చేత్తో ఒక ముద్దన్నా పెట్టలే." కళ్ళలో చుక్క నీరు లేకుండా చెప్పింది. మళ్ళీ పిండిలో చెయ్యి పెట్టి, "నేను గూడా ఏమన్నా చేసి పెట్టొచ్చా పిలకాయలకు? మా యమ్మకు నూగుల ఉంటలంటే పానం" అంది. నూగులంటే వాళ్ళ వైపు నువ్వులు. ఎందుకు పెట్టకూడదు, నువ్వులు నేను తెస్తానన్నాను. వెనకా ముందూ ఆలోచించకుండా అన్నాను, ఆ తప్పు నాదే.

ఎనిమిదిన్నరకు బస్సెక్కి ముబారకియా పాత బజారుకు వెళ్ళాను. టికెట్ మూడు వందల ఫిల్స్, దీనారుకు వెయ్యి ఫిల్స్. శుక్రవారం పొద్దున రోడ్లు ఖాళీ కాబట్టి అరగంటలో దిగాను. మసాలా దినుసుల సందులో మంచి తెల్ల నువ్వులు కిలో దీనారుంబావు. బెల్లం మటుకు సాల్మియాలో మన కిరాణా కొట్లోనే దొరికింది. మధ్యాహ్నం నమాజు వేళకు అంగళ్ళు మూసేస్తారు, పదకొండు లోపల పని ముగించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు టాక్సీ రెండున్నర దీనార్లు. డ్రైవర్ వెంకట్రమణది రాయచోటి. సంచీ చూసి, "నూగులా? ఇంటికాడ ఏం కార్యమమ్మా?" అని అడిగాడు. ఓబులమ్మ సంగతి చెప్పాను.

"అయ్యో పాపం, పంపలేదా? నేను ముందు సబ్హాన్‌లో గోడౌన్లో చేస్తాంటి. మా నాయన పోయినాడని ఫోనొస్తే, మా కఫీల్ అరబ్బోడు, మాపటేల్కి టికెట్ చేతిలో పెట్టి యల్లా, పో అన్న్యాడు. ఎవురమ్మా ఆయమ్మ కఫీలు?"

కఫీలంటే వీసాకు పూచీ పడే యజమాని. అది మా చెల్లెలి మొగుడని చెప్పకుండా మాట దాటేశాను. 

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓబులమ్మ నువ్వులు దోరగా వేయించింది. ఇల్లంతా ఆ కమ్మటి వాసన. బెల్లం పాకం ముదరకుండా దించి, వేడి మీదే, చేతులు చుర్రుమంటున్నా అరవై ఉండలు కట్టింది. నేను చెయ్యి వేయబోతే, "వద్దక్కా, అన్నీ నేనే కడతా" అంది. సుధ వచ్చి, "ఇవెందుకు, చాక్లెట్లు ఉన్నాయిగా" అని, జవాబు కోసం ఆగకుండానే వెళ్ళిపోయింది.

ఈ ఊళ్ళో హాలోవీన్ బయట చేయరు, చేయనివ్వరు కూడా. ఏం చేసినా నాలుగు గోడల మధ్యే. అందుకని గేటు బయట ఒక్క కాగితం ముక్క కనబడదు. లోపల మెట్లకు దూది సాలెగూళ్ళు, ప్రతి తలుపుకూ ప్లాస్టిక్ పుర్రె. ఎదురింటి మాధవి హైదరాబాదావిడ, ఈ వేడుకకు పెద్ద. ఆవిడ గుమ్మంలో నిలువెత్తు అస్థిపంజరం, పక్కన థర్మోకోల్ సమాధిరాయి. దాని మీద ఏముందనుకుంటున్నారు? నిక్షేపంలా బతికుండి, అక్కడే సమోసాలు తింటున్న వాళ్ళాయన పేరు! అందరూ పడీపడీ నవ్వి ఫోటోలు తీసుకున్నారు. నేనూ నవ్వాను.

ఐదున్నరకు పిల్లలు బయల్దేరారు. ఓ ఇరవై మంది, తెలుగువాళ్ళే ఎక్కువ, వెనకాల తల్లులు. మా తలుపు దగ్గర సుధ చాక్లెట్ ఇస్తుంటే, ఓబులమ్మ ఉతికిన చీర కట్టుకుని స్టీలు డబ్బా పట్టుకుని నిలబడింది. ఒక్కో బిడ్డ చేతిలో ఒక్కో ఉండ పెడుతూ, "మా యమ్మ పేరు మీద తిను బంగారూ" అంటోంది. నలుగురైదుగురు నోట్లో వేసుకున్నారు కూడా. ఇంతలో మాధవి ముందుకొచ్చింది.

"ఏందిది? నువ్వులా? ఎవరి పేరు మీద?"

"మా యమ్మ మేడం. పోయి మూడు నెల్లాయ."

"రామ రామ! చచ్చిపోయినోళ్ళ పేరు మీద నువ్వులు తెచ్చి పిల్లల చేతుల్ల పెడ్తవా? అశుభం కాదా? అయినా ప్యాక్ చేసినవే ఇయ్యాలని రూల్ పెట్టుకున్నం కదా!" అంటూ పిల్లల చేతుల్లోవీ బుట్టల్లోవీ లాగేసుకుని, మెట్ల పక్కనున్న చెత్తసంచీలో పడేసింది. ఒకావిడ కొడుకు నోట్లో వేలు పెట్టి ఉమ్మించింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమ్మా, మొగుడికి సమాధి కట్టి పక్కన నిలబడి ఫోటో దిగావు, అది శుభమా? గుమ్మానికి పుర్రె వేలాడదీసుకోవడం శుభమా? నిజంగా పోయిన ఒక ముసలమ్మ పేరు చెప్పేసరికి అశుభం వచ్చిందా? మీరు చేస్తున్న పండగే పోయినవాళ్ళది!" అన్నాను. "అది సరదాకి కదా ఆంటీ, మీకు తెల్వదు" అంది మాధవి. నాకు తెలియదట! ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పినదానికి! దానికంటే ఎక్కువగా ఒళ్ళు మండించింది మా సుధ. ఆవిడతో ఒక్క మాట అనలేదు సరికదా, ఓబులమ్మ వైపు తిరిగి, "నీకెందుకివన్నీ? పరువు తీశావు. లోపలికి పో" అంది.

ఓబులమ్మ లోపలికి పోలేదు. చెత్తసంచీ దగ్గర కూచుని, పడేసిన ఉండలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకోసాగింది. పిల్లల గుంపు పై అంతస్తుకు వెళ్ళిపోయింది. నేనూ పక్కన కూలబడి ఏరుతుంటే, కింది అంతస్తులో ఉండే ఫిలిప్పీన్స్ నర్సు మారిసెల్ కొవ్వొత్తుల ప్యాకెట్‌తో మెట్లెక్కి వచ్చింది, గొడవ వినపడిందట. వాళ్ళిద్దరికీ ఉమ్మడి భాష అరబ్బీ, ఇద్దరూ పనిచేసే చోట నేర్చుకున్నదే. ఓబులమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. మారిసెల్ డబ్బాలోంచి ఒక ఉండ తీసుకుని, అక్కడే నిలబడి మొత్తం తింది. తిని, నన్ను ఇంగ్లిష్‌లో అడిగింది: "వాళ్ళమ్మ పేరేమిటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. పొద్దుట్నుంచీ పాఠాలు చెప్పాను, నువ్వులు తెచ్చాను, అందరి మీదా అరిచాను, ఆ పేరు మాత్రం అడగలేదు.

"పెంచలమ్మ" అంది ఓబులమ్మ.

మారిసెల్ ఆ పేరు రెండుసార్లు తడబడి, మూడోసారి సరిగ్గా పలికింది. వాళ్ళ ఊళ్ళోనూ ఈ రోజుల్లో ఆత్మల్లాగా పాడుతూ ఇంటింటికీ వెళ్తారట, జనం బియ్యపు పిండివంటలు పెడతారట. మమ్మల్ని తన గదికి తీసుకెళ్ళింది. మూడు ఫోటోల ముందు కొవ్వొత్తులు వెలిగించింది, నాలుగోది పెంచలమ్మకు. ఆదివారం చర్చిలో ప్రార్థన కోసం ఇచ్చే పేర్ల కాగితం తీసి, వాళ్ళ నాన్న పేరు కింద పెంచలమ్మ పేరు రాసింది. అది చూసి ఓబులమ్మ ఏడ్చింది. మూడు నెలల ఏడుపు, ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఏడున్నరకు నేను పైకి వెళ్ళి సుధను నిలదీశాను. "సెలవెందుకు కుదరలేదు?"

"అది కాదక్కా, వెళ్తే తిరిగి రారు వీళ్ళు. ఇంకో మనిషిని తెచ్చుకోవాలంటే నెలలు పడుతుంది. అందుకే పాస్‌పోర్ట్ కూడా బీరువాలో పెట్టాం. అందరూ అదే చేస్తారు."

"అందరూ చేస్తే ఒప్పయిపోతుందా? ఇక్కడి చట్టమే ఒప్పుకోదుగా! మన అమ్మ పోయినప్పుడు నువ్వెన్ని గంటల్లో వచ్చావే?"

"పద్నాలుగు" అంది సుధ. మా మరిది ఏదో అనబోతే నేను గుడ్లురిమాను. సుధ లేచి బీరువా తెరిచి, పాస్‌పోర్ట్ తీసి నా చేతికి ఇవ్వబోయింది. నాకెందుకు, ఎవరిదో వాళ్ళకివ్వు అన్నాను. వంటింట్లోకి వెళ్ళింది. ఓబులమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది, ఫోటో ఉన్న పేజీ తీసి చూసుకుంది.

"మా యమ్మ పెద్దదినానికి ఇచ్చింటే బాగుండు మేడం" అంది. అంతే అంది.

మిఠాయి ఇవ్వడం ఎవరికైనా వచ్చు. ఎవరి కోసం ఇస్తున్నారో అడగడం దగ్గరే మనం ఆగిపోతున్నాం. నేనూ ఆగిపోయిన దాన్నే, అందుకే ఈ కోపంలో సగం నా మీద నాకే ఉంది. అయినా ఆ సమాధిరాయి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరు ఏమనుకున్నా సరే, పోయినవాళ్ళంటే అంత భయమైతే వాళ్ళ పండగ చేయకండి.

ఇక పనికొచ్చే సలహా ఒకటి. కువైట్ నుంచి రాజంపేట వైపు వెళ్ళేవాళ్ళకు హైదరాబాద్ టికెట్ తీయకండి, చెన్నైకి తీయండి. అక్కడి నుంచి తిరుపతి మీదుగా బస్సులో ఐదు గంటల్లో ఇంటికి చేరతారు. శనివారం పొద్దున ఈ సంగతి కనుక్కుని ఓబులమ్మకు టికెట్ తీయడానికి మా చెల్లెలికి నాలుగు నిమిషాలు పట్టింది. జూలైలోనూ నాలుగు నిమిషాలే పట్టేది.